గడ్డిలోంచి గడ్డి

తెల్లారగట్ట నాలుగుంబావుకి
మూడో నంబరు వాల్వు తిప్పుతాను.
పైపుల్లో ముందు గాలి దగ్గుతుంది,
తర్వాత తుప్పు,
తర్వాతెప్పటికో నీళ్ళు.

పార్కు గోడవతల అమలాపురం కాలవ నిండుగా పోతుంటే
ఇవతల చుక్కలు లెక్కపెట్టి వదిలే ఉద్యోగం నాది.
మా నాన్న బోదె గట్టున పార దింపి
ఒక్క గండితో రెండెకరాలు తడిపేవాడు.
నా చేతిలో పార లేదు, స్పానరుంది.
చొక్కా జేబుకి ఒక గుండుసూది,
డ్రిప్పు బెజ్జాల్లో అడ్డుపడ్డ ఒండ్రు తీయడానికి.
ఈ లంకల్నీ, ఈ ఊరినీ,
మా ఇంటి పునాదినీ మోసుకొచ్చి పడేసిన ఒండ్రే.
డ్యూటీ పుస్తకంలో దాన్ని
'చెత్త' అని రాయాలి.

సలోమమ్మ ఏడింటికొస్తుంది.
ముప్ఫయ్యేళ్ళు ఊడ్పులు ఊడ్చిన వేళ్ళు.
మొదటిరోజు లాను మీద గొంతుక్కూచుని
చాలాసేపు చూసి అడిగింది:
"ఇందులో ఏది పీకాలయ్యా? అంతా గడ్డే కదా!"
చూపించాను.
ఇది కార్పెట్ గడ్డి. కడియం నుంచి చాపల్లా చుట్టి
లారీలో తెచ్చారు, అడుక్కింతని డబ్బిచ్చి.
ఇది తుంగ. దీన్నెవరూ పిలవలేదు.
"తుంగ సంగతి నాకు చెప్తావేంటి,
చేలో పీకితే గింజొచ్చేది. ఇక్కడ పీకితే?"
"కూలొస్తుంది" అన్నాను.
"అదీ నెలాఖరుకి" అంది,
కొడవలి మొనతో మొదటి గడ్డ పెళ్ళగిస్తూ.

పీకిన తుంగ మూటగట్టి గేదెకి పట్టుకెళ్తుంది.
ఓసారి కత్తిరించిన కార్పెట్ గడ్డి వేసి చూసిందట,
గేదె మూతి తిప్పుకుందట.

దారికి అటు ఆరు, ఇటు ఆరు రాయల్ పామ్‌లు,
సిమెంటు పోతపోసినట్టు బూడిదరంగు ఒళ్ళు.
దింపులు మానేసిన గుత్తుల అబ్బులు
డాక్టరు నడవమన్నాడని పొద్దున్నే వస్తాడు.
ఏ చెట్టునీ చేత్తో తట్టకుండా దాటలేడు.
"కాయా?" అన్నాడు. లేదు.
"కల్లు?" లేదు.
"కమ్మైనా పాకమీదికి పనికొస్తుందా?"
"మరెందుకయ్యా ఇది?"
నిలబడ్డానికి, అన్నాను.
"ఆయ్, అదీ పనేలెండి" అన్నాడు,
మోకాళ్ళు రెండూ నిమురుకుంటూ.

మార్చిలో ఒకనాడు
తొమ్మిదో చెట్టుకి చెవానించి ఆగిపోయాడు.
నన్నూ రమ్మన్నాడు.
లోపల ఎవరో చీకట్లో కూచుని
తీరిగ్గా చెరుకు నములుతున్నట్టు చప్పుడు.
"ఎర్రముక్కు పురుగు. పదిరోజులుంది టైము."
ఆ పూటే కాయితం పెట్టాను.
చెట్టు ఏ పద్దు కిందికొస్తుందో తేలక
కాయితం రెండు టేబుళ్ళ మధ్య వేసవి గడిపింది.

ఏప్రిల్లో లాకులు దించేశారు.
కాలవ అడుగున చెప్పులు, సీసాలు,
ఒక కుర్చీ బయటపడ్డాయి.
ఇక బోరునీళ్ళే. నాలికకి కరకర ఉప్పు.
కార్పెట్ గడ్డి అంచుల నుంచి టీపొడి రంగుకి తిరిగింది.
మే నెలలో పైఆఫీసరు వస్తాడని కబురు.
సలోమమ్మని పక్కకి పిలిచి
"ఈ రెండు వారాలూ పీకకు" అన్నాను.
ఆమె ఏమీ అడగలేదు.
కొడవలి గుడ్డలో చుట్టి
బెంచీలు కడగడానికి పోయింది.

ఆయన జీపు దిగి, కళ్ళజోడు తీసి,
"ఎండల్లో కూడా భలే పచ్చగా ఉంచారే!" అన్నాడు.
కాలి కింద అంతా తుంగ.
సలోమమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.
నేను టోపీ సర్దుకున్నాను.

తొమ్మిదో చెట్టు తల వాల్చింది.
కోసినప్పుడు లోపల తడి పీచు, పులిసిన వాసన,
కొబ్బరిపీచు చుట్టుకున్న పురుగుగూళ్ళు పదమూడు.
అబ్బులు ఆ వారమంతా నడకకి రాలేదు.

జూన్లో మళ్ళీ కాలవనీళ్ళు,
మళ్ళీ ఒండ్రు, మళ్ళీ గుండుసూది.
అటు ఆరు, ఇటు అయిదు.
ఖాళీ గుంటలో ఇప్పటికీ
నిమిషానికి పన్నెండు చుక్కలు పడుతున్నాయి.
చెట్టుని కొట్టెయ్యమని ఆర్డరొచ్చింది కానీ
నీళ్ళు ఆపమని
ఇంకా ఎవరూ రాయలేదు.